నాకివ్వని ఎర్ర చేప సీసా

మా వదిన పోయిందని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అత్తా, మామ్ ఈజ్ గాన్" అని ఒక్క మాటే. ఏడుస్తూనే నాకు ఆవిడ అద్దాల బీరువాలోని ఎర్ర చేప సీసా గుర్తొచ్చింది. నా కుళ్ళు ఆవిడకు తెలియనిదేం కాదు, ఉంటే నవ్వేసేది.

వదిన అంటే మా ఆయనకు అక్క. అమెరికాలో, ఎడిసన్‌లో మా పక్క వీధిలోనే ఉండేది. పాతకాలం చైనా పొడుం సీసాలంటే పిచ్చి. నశ్యం దాచుకోవడానికి గాజుతోనో రాతితోనో చేసిన సీసాలవి, అరచేతిలో ఇమిడిపోతాయి. "మన తాతలకు రేకు డబ్బీ, వీళ్ళ దర్జా చూడు!" అనేది.

శనివారం పొద్దున్నే ఇద్దరం ఎస్టేట్ సేల్స్‌కి వెళ్ళేవాళ్ళం. ఎవరో ఖాళీ చేస్తున్న ఇంట్లో సామానంతా అమ్మకానికి పరిచి ఉండేది. నేను గదులన్నీ గాలించి, పొడుం సీసాలనుకుని సెంటు సీసాలు ఏరుకొచ్చేదాన్ని. ఆవిడ నింపాదిగా వచ్చి అసలుదాన్ని పట్టుకునేది. ఒకసారి జేడ్ అనే ఆకుపచ్చ రాతి సీసా దొరికిందని నేను మురిసిపోతుంటే, ఆ సీసాను చెంపకు ఆనించుకుని, "గాజేనే ఇది. రాయైతే ఇంకా చల్లగా తగులుతుంది. పర్లేదు, తీసుకో" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చెంపకేం తెలియలేదు మరి!

ఎర్ర చేప సీసాను ముందు చూసింది నేనే. పాలలాంటి తెల్ల గాజు మీద ఎర్ర గాజు పొర వేసి, దాన్ని చెక్కి చేపను తేల్చారు. నేను పర్సు తెరిచేలోగా అది వదిన చేతిలో ఉంది. "చూస్తే చాలదమ్మాయ్, చెయ్యి వెయ్యాలి" అంది. అడిగితే ఇచ్చేదేమో. అడగడానికి నాకు రోషం.

మనిషి మాత్రం బంగారం. నా పురిటికి ఇండియా నుంచి ఎవరూ రాలేకపోతే, ఆఫీసుకు సెలవు పెట్టి నాకు పథ్యం వండి పెట్టింది ఆవిడే.

కర్మ రోజున వాళ్ళింట్లో కూర్చున్నాం. పక్కింటావిడ హ్యాండ్‌బ్యాగులోంచి నీలం సీసా తీసి చూపించింది. ఆఫీసు స్నేహితురాలి దగ్గర పసుపుది. చివరికి యోగా టీచర్‌కి కూడా ఒకటి! "వీటి విలువ నీకే తెలుసు అంటూ ఇచ్చారండీ" అని ఎవరికి వాళ్ళు మురిసిపోతున్నారు. తలూపుతూనే లోపల కుతకుత ఉడికిపోయాను. ప్రతి శనివారం కారు నడిపింది నేను. సీసాలు మాత్రం వీళ్ళకా?

అందరూ వెళ్ళాక మేనకోడలు పళ్ళాలు సర్దుతూ అంది.

"అత్తా, నీకెందుకు ఇవ్వలేదని నేను మామ్‌ని ఆస్క్ చేశాను, తెలుసా?"

"ఏమంది?"

"ఆ చేప ఇచ్చేస్తే మీ అత్త ఇంక నాతో ఎందుకు వస్తుందే, అంది."

చేతిలోని పళ్ళెం కింద పెట్టేశాను. పిచ్చి వదిన. ఆ సీసా పగిలిపోయినా నేను వచ్చేదాన్నని ఒక్కసారి నేనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మేనకోడలు బీరువా తీసి సీసాను నా చేతిలో పెట్టింది. "నౌ ఇట్స్ యువర్స్, అత్తా. తీసుకో."

ఆశ ఇంకా చావలేదు, అబద్ధమెందుకు. అయినా దాన్ని తిరిగి ఆ పిల్ల చేతిలోనే పెట్టాను.

"ఇక్కడే ఉండనీ. శనివారం నేను మళ్ళీ రావాలిగా" అన్నాను.

అది సీసాను గుప్పిట్లో బిగించి నా భుజం మీద తల పెట్టింది. వేళ్ళ సందులోంచి ఎర్ర తోక ఒక్కటే కనిపిస్తోంది.