మజ్జిగ నీళ్ళ మీద వేసిన నింద

మనీ ప్లాంట్‌ను అడిగి తెచ్చుకుంటే కలిసి రాదని, దొంగిలించి తెచ్చుకుంటేనే అదృష్టమని మన ఇళ్ళలో ఒక నమ్మకం. ఒక్క పూట కూడా పూజ తప్పని వాళ్ళు సైతం ఈ ఒక్క దొంగతనానికి దేవుడు పర్మిషన్ ఇచ్చినట్టే మాట్లాడతారు. మా ఇంటి మొక్కను నేనూ మా అత్తమ్మా కలిసి అల్వాల్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కొట్టేశాం. ఆమె చెంప పట్టుకుని రిసెప్షన్ అమ్మాయికి లేని నొప్పిని వర్ణిస్తుంటే, నేను కిటికీ దగ్గర నెయిల్ కట్టర్‌తో తీగ ముక్క కత్తిరించాను. అది అత్తమ్మ కళ్ళజోడు డబ్బాలో ఇంటికి చేరింది. అత్తా అల్లుళ్ళం అంత ఒద్దికగా చేసిన పని మరొకటి లేదు.

ఆమెది విజయనగరం వైపు. కొన్నేళ్ళుగా మాతోనే ఉంటున్నారు. ఆమె చేతి చలవ అంటే వాళ్ళ వైపు అందరికీ గురి. కరివేపాకు మొక్క నాటడానికి కూడా ఆమెను ఆటో ఎక్కించి తీసుకెళ్ళేవారు. మా దొంగ తీగ కూడా ఆమె చేతిలోనే సీసా నీళ్ళలో వేళ్ళు వేసి, కుండీలోకి దిగి, టీవీ వెనక నుంచి సీలింగ్ దాకా పాకింది.

అది చూసి నాకు ముచ్చటేసింది. నా ముచ్చట్లు ఎప్పుడూ ఎవరికీ మేలు చేయలేదు. మోండా మార్కెట్‌కు వెళ్ళి నీలం పూల పింగాణీ కుండీ తెచ్చాను. "నీళ్ళు కారవ్ సార్, మీ టైల్స్ గిట్ల ఖరాబ్ కావు," అన్నాడు కొట్టతను. అడుగున చిల్లు లేదన్న సంగతిని అంత అందంగా చెప్పొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మొక్కను అందులోకి మార్చింది నేను. మట్టి కూరింది నేను. రోజూ నీళ్ళు కుమ్మరించింది నేను. బలమని ఫోన్లో ఎవరో చెబితే మిగిలిన చాయ్ కూడా పోశాను. అత్తమ్మ మాత్రం ఎప్పుడైనా మజ్జిగ గిన్నె కడిగిన నీళ్ళు కాసిని పోసేవారు, అంతే.

ఆకులు పసుపు పచ్చగా మారి, ఒక్కొక్కటే సోఫా మీద రాలసాగాయి. ఒక ఆదివారం ఆ బోసి తీగను ఫొటో తీసి, "మా అత్తమ్మ మజ్జిగ వైద్యం" అని రాసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నవ్వే బొమ్మలు వరదలా వచ్చాయి. అంత పేరు నాకు ఆఫీసులో కూడా ఎప్పుడూ రాలేదు.

మర్నాడు మొక్కను పీకి చూశాను. వేళ్ళు నల్లగా, మెత్తగా, మురుగు వాసనతో చేతికొచ్చాయి. కుండీ వంచితే కాలవే. కుళ్ళింది నేను పోసిన నీళ్ళకి, మజ్జిగకు కాదు. కుండీ కడిగి, అందులో గొడుగులు పెట్టి, నోరు మూసుకున్నాను. జోకు బాగా నడుస్తోంది, ఆపడానికి మనసు రాలేదు.

కాప్రాలో అత్తమ్మ వాళ్ళ అక్కగారు ఉంటారు. అక్కడికి భోజనానికి వెళ్ళినప్పుడు అత్తమ్మ అలవాటుగా చెంబు పట్టుకుని బాల్కనీ వైపు నడిచారు.

"ఏమే, ఆ చెంబు కింద పెట్టేయ్! నా మొక్కల్ని బతకనీ!" అని అక్కగారు కేకేశారు. ఇల్లంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

అత్తమ్మ చెంబు పెట్టేశారు. ఆ తర్వాత మా ఇంట్లో తులసికి కూడా నీళ్ళు పోయలేదు. మా ఆవిడ అడిగితే, "నా చెయ్యి మంచిది కాదులే అమ్మా," అన్నారు. అది కోపంతో అన్న మాటైతే బాగుండేది. ఆమె నిజంగానే నమ్మేశారు.

చివరికి కుండీ, చాయ్, వేళ్ళు అన్నీ చెప్పేశాను. ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"అయితే ఇన్నాళ్ళూ ఊరుకున్నారేటి?"

"అందరూ నవ్వుకుంటున్నరు గదా అని... చెప్పలేకపోయిన అత్తమ్మా."

"నన్ను చూసి నవ్వితే మీకు సరదాయేటి? అందరి ముందూ అన్నారు, అందరి ముందూ చెప్పండి. ఫోన్లో కాదు."

మళ్ళీ కాప్రా వెళ్ళాం. వడ్డన మధ్యలో లేచి నిలబడి, "మొక్కను చంపింది నేను. అత్తమ్మ తప్పేం లేదు," అన్నాను. అక్కగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఎంత మంచి అల్లుడే నీకు! నీ తప్పు నెత్తినేసుకుంటున్నాడు!"

నా కంచంలో ఇంకో గారె పడింది. వాదించిన కొద్దీ మంచివాణ్ణి అయిపోయాను. చిల్లు సంగతి ఎత్తితే రెండో గారె వేశారు. "నిజం చెప్పడం కూడా చేతకాదా మీకు?" అని మా ఆవిడ పక్క నుంచి గొణిగింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాయితం గారెలు పెట్టదు.

అత్తమ్మ ఇవేవీ పట్టించుకోకుండా బాల్కనీ వైపు చూస్తున్నారు.

"అక్కా, నీ తీగ అలగ నేల మీద దేకుతోందేటి?"

"ఏమోనే, పైకి పాకదు."

"పట్టు లేకపోతే ఎలగ పాకుతుంది? నేను కడతాను. కానీ రేపు ఇది చచ్చిపోతే ఎవరి మీద పెడతావో ఇప్పుడే చెప్పు."

అక్కగారు గరిటెతో నన్ను చూపించారు. "ఇంకెవరు? ఒప్పుకోడానికి ఈయనున్నాడు కదా."

అత్తమ్మ ఫక్కున నవ్వారు. లేచి చెయ్యి కడుక్కుని, పాత చీర అంచు ఒకటి అడిగి తీసుకుని, కుండీ మట్టిలో వేలు గుచ్చి చూశారు.

"రండి బాబూ, తీగ పైకెత్తి పట్టుకోండి. ఆకు కాదు, కాడ."

మరీ గట్టిగా పట్టుకున్నానట. నా వేళ్ళ మీద ఒక్కటి వేశారు.