పెన్సిల్ మొన ఎంత దూరం

చాయ్ పోసేటప్పుడు నేను గిన్నె అంచును గ్లాసు అంచుకు తగిలించి పోస్తాను. కొత్తగా చూసినవాళ్లు నన్ను నెమ్మదస్తురాలు అనుకుంటారు. నా దగ్గర నెమ్మది ఎక్కడిది? మా చుట్టాల్లో నా నోటికి జడవనివాళ్లు తక్కువ. తగిలించకుండా పోస్తే చాయ్ గ్లాసు పక్కన బండ మీద పడుతుంది, అంతే సంగతి. నా ఎడమ కన్ను కనబడదు. ఒక్క కన్నుతో చూస్తే గ్లాసు ఎక్కడుందో తెలుస్తుంది గానీ, చేతికి ఎంత దూరంలో ఉందో సరిగ్గా తెలియదు. మిగతావాళ్లు చూసి తెలుసుకునేది నేను ముట్టుకుని తెలుసుకుంటాను.

ఇప్పుడింత తేలిగ్గా రాసేస్తున్నాను. జహీరాబాద్‌లో డిప్లొమా మొదటి ఏడాది చదివేటప్పుడు మాత్రం ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుందేమోనన్న భయంతోనే తెల్లారేది.

మాది న్యాల్‌కల్ దిక్కు పల్లె. ఊహ తెలిసీ తెలియని వయసులో అమ్మ వెంట కంది కోతకు పోయి, కోసిన మోళ్ల మధ్య పరుగెత్తి బోర్లా పడ్డాను. మోడు కంట్లో గుచ్చుకుంది. ఇక్కడి దవాఖానలో కాదంటే హైదరాబాద్ తీసుకుపోయారు. కన్ను రూపం దక్కింది, చూపు దక్కలేదు. బయటికి రెండు కళ్లూ ఒకేలా కనబడతాయి. అది చూసుకునే అమ్మ ధైర్యం తెచ్చుకుంది.

"ఎవలకూ చెప్పకు బిడ్డా," అనేది. "చెప్తే నిన్ను పక్కకు పెడ్తరు."

అమ్మ భయానికి కారణం మా మేనమామ. ఆయన బస్సు డ్రైవర్ నౌకరీకి పోతే అన్నీ బాగున్నాయని చెప్పి, ఆఖరుకు కన్ను పరీక్షలో వాపస్ పంపారు. అది మొదలు మిషన్‌తో, మరతో, కొలతతో పని ఉన్న ఏ చోటైనా కన్ను చూస్తారనీ, ఒక్కటే ఉందని తేలితే ఇంటికి పంపేస్తారనీ అమ్మ తీర్మానించేసింది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకు అడుగుతున్నారని అనుమానం వస్తుంది కదా, అందుకని. నాకు సివిల్ డిప్లొమాలో సీటు వచ్చినప్పుడు ఇంట్లో అందరూ మిఠాయి తిన్నారు, అమ్మ ఒక్కతే తినలేదు. నేనూ లోపల్లోపల అమ్మ మాటే నమ్మాను. ఆ సీటు పోతే మళ్లీ కంది చేనే. నాకు ఇళ్లు గీయాలని ఉండేది. మా ఇంటి గోడలన్నీ బొగ్గుతో పాడు చేసింది నేనే.

దాచడంలో మేమిద్దరం ఆరితేరాం. రోడ్డు మీద అమ్మ ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడిచేది. అటు నుంచి బండి వస్తే నాకు కనబడదు మరి. కాలేజీలో బెంచీకి ఎడమ కొసన, గోడ పక్కనే కూర్చునేదాన్ని. నాకు కనబడని వైపు గోడ ఉంటే అటు నుంచి ఎవరూ రారు. బస్సు దిగేటప్పుడు ఆఖరి మెట్టు దగ్గర ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ కాలితో తడుముకునేదాన్ని. అన్నీ చక్కగా సాగిపోతున్నాయనుకున్న రోజుల్లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసు మొదలైంది.

ఆ క్లాసు చెప్పే మేడం అరవదు. అరిచే మనిషైతే నాకు అంత భయం ఉండేది కాదు. అరుపులకు నేను అరుపులతోనే జవాబు చెప్పగలను. ఈమె మెల్లగా మాట్లాడుతూ చేతుల వంక చూసేది. పెన్సిల్ ఎట్లా పట్టుకుంటున్నాం, స్కేలు ఎక్కడ ఆనిస్తున్నాం, అన్నీ చూసేది.

ఆమె దగ్గర రెండు చెక్క పలకలు ఉండేవి. ఒకటి బల్ల మీద పడుకోబెట్టి, రెండోది దాని వెనక అంచున గోడలా నిలబెట్టేది. పడుకున్నది హెచ్‌పీ, అంటే అడ్డ తలం. నిలబడ్డది వీపీ, అంటే నిలువు తలం. ఆ మూలలో సన్నని తీగకు పెన్సిల్ ఒకటి గుచ్చి గాలిలో నిలిపేది. మొదట్లో పాఠం ఒక్క బిందువు గురించే, అంటే ఆ పెన్సిల్ మొన గురించి. మొన పడుకున్న పలకకు ఎంత ఎత్తున ఉందో ఎదురుగా చూసి గీసే ఫ్రంట్ వ్యూలో వస్తుంది, దాన్ని షీట్ మధ్యన గీసిన అడ్డగీతకు పైన పెట్టాలి. నిలబడ్డ పలకకు ఎంత ముందుకు ఉందో పైనుంచి చూసి గీసే టాప్ వ్యూలో వస్తుంది, దాన్ని గీతకు కింద పెట్టాలి. పుస్తకంలో అయితే ఆ దూరాలు ముందే ఇస్తారు, పెట్టేస్తే అయిపోతుంది. ఈమె ఇవ్వదు.

"ముందు కన్ను చెప్పాలె, తర్వాత స్కేలు చెప్పాలె," అనేది.

సుద్దతో నేల మీద గీత గీసి, ఒక్కొక్కరినీ అక్కడ నిలబెట్టి, ముట్టుకోకుండా చూసి గీయమనేది. గీశాక స్కేలుతో కొలిచి ఎంత తప్పామో చూసుకోవాలి. తల అటూ ఇటూ కదిపి చూస్తే దూరం కాస్త తెలుస్తుంది, అది నా పాత కిటుకు. అట్లా కదిపానో లేదో, "కదలకుండ నిలబడు," అంది.

నిలబడి చూశాను. ఎత్తు తెలిసింది. ముందుకు ఎంత ఉందో తెలియలేదు. ఏదో ఒకటి పెట్టేశాను.

నా పక్కన కూర్చునే పిల్ల ఊరు మొగుడంపల్లి, మహా వెటకారం మనిషి. నా షీట్ చూసి ఇకిలించింది. "ఏందే, పాయింట్‌ను గోడల దిగ్గొట్టినవ్?"

"నా గోడ, నా పాయింట్. నీదేం పోయింది? నీ షీట్ నువ్వు చూస్కో," అన్నాను. అంటూనే షీట్‌కు మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

బిందువుల తర్వాత సరళరేఖలు వచ్చాయి. అప్పుడు పెన్సిల్ మొన ఒక్కటే లెక్క కాదు, మొత్తం పెన్సిలే రేఖ. రెండు పలకలకూ ఏటవాలుగా ఉండేలా గుచ్చేది. అట్లాంటప్పుడు దాని అసలు పొడవు ఏ వ్యూలోనూ కనబడదు, రెండు వ్యూలనూ కలిపి, గీతను తిప్పి గీసి ఆ పొడవు రాబట్టాలి. పెన్సిల్ పైకి వాలిందని నాకు తెలిసేది. నా వైపు వస్తోందో, గోడ వైపు పోతోందో తెలిసేది కాదు. వారం వారం భయం పెరిగింది. డ్రాయింగ్ క్లాసు ఉన్న రోజు పొద్దున అన్నం దిగేది కాదు. మేడం నా వంక చూసిందంటే చాలు, కనిపెట్టేసిందనుకునేదాన్ని. చూడకపోతే ప్రిన్సిపాల్‌కు చెప్పేసే ఉంటుందనుకునేదాన్ని.

ఒకరోజు షీట్లన్నీ వాపస్ ఇచ్చింది. నాది ఇవ్వలేదు.

"నువ్వు జర ఆగు," అంది. మిగతావాళ్లు గీతలు గీసే డ్రాఫ్టర్లు సంచుల్లో వేసుకుని పోయారు. మా మొగుడంపల్లి పిల్ల వాకిట్లో నిలబడబోతే దాన్నీ పంపేసింది.

నా షీట్లన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. "నీ ఫ్రంట్ వ్యూలు క్లాసుల అందరికన్న బాగున్నయి," అంది. "టాప్ వ్యూలు ఒక్కటి కూడ సరిగ్గ లేవు. పెన్సిల్ ఒక్కటే కద, నీ షీట్ల ఒక్కోసారి ఒక్కో పొడుగు వస్తున్నది. చదవనోళ్లు గీస్తే రెండూ తప్పుతయి. నీకు ఒక్కటే ఎందుకు తప్పుతున్నది?"

ఆమె తీగకు పెన్సిల్ గుచ్చి, పక్కనుంచి వేలు పెట్టి మొనను ముట్టుకోమంది. ముట్టుకోబోయాను. వేలు మొనకు ఇవతలే గాలిలో పోయింది.

"ఏ కన్ను?" అంది.

ఇన్నేళ్లు ఊరికి, బడికి, చుట్టాలకు తెలియకుండా దాచింది నా చేత్తో నేనే గీతలు గీసి చూపించేశాను. అబద్ధం చెబుదామని నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఆమె నీళ్ల సీసా ముందు పెట్టింది. "రేపు మీ అమ్మను తీస్కరా," అంది.

ఇంటికి పోయి చెబితే అమ్మ చేటలో పప్పు అట్లాగే వదిలేసి కూలబడింది. కాసేపటికి కోపం తెచ్చుకుంది. "జర సంభాళించుకోరాదా? పక్క పిల్ల దాంట్ల చూసి గీస్తే ఏం పోయేది?"

"ముట్టుకోవద్దన్నది అమ్మా. నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యకు. నేనొచ్చి కాళ్లు మొక్కుత."

పొద్దున్నే పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని బయల్దేరింది. బస్సులో దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. ఏం చెప్పాలో కూర్చుకుంటోంది. నాకు కిటికీలోంచి చెరకు తోటలు కనబడుతుంటే, రేపటి నుంచి ఈ బస్సు ఎక్కే పని ఉండదనిపించింది. జహీరాబాద్‌లో దిగి రోడ్డు దాటేటప్పుడు అమ్మ అలవాటుగా నా ఎడమ పక్కకు వచ్చి చెయ్యి పట్టుకుంది.

డ్రాయింగ్ హాల్లో మేడం ఒక్కతే ఉంది. ఆమె కూర్చోమనేలోపే అమ్మ మొదలుపెట్టింది. "మేడం, బిడ్డను తీసెయ్యకున్రి. ఒక్క కన్నుతోటే అన్ని పనులు చేస్తది. సూదిల దారం గూడ ఎక్కిస్తది. తప్పు నాది, నేనే చెప్పొద్దన్న. చేన్ల వెనక్కి తిరిగి చూస్కోకుంట కోసింది గూడ నేనే."

ఆ ఆఖరి మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. మేడం లేచి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"తీసేస్తమని ఎవరన్నరమ్మా?"

"మా తమ్ముడిని వాపస్ పంపిన్రు మేడం."

"అది బస్సు నడిపే పని. ఇక్కడ బొమ్మ గీసే పని. దీనికి సీటు పోదు," అంది మేడం. "ఎదురుంగ చూసి గీస్తే ఆ బొమ్మల దూరం ఎవరికీ కనబడదు. రెండు కండ్లున్నోళ్లకు కూడ కనబడదు. అందుకే మళ్ల పైనుంచి చూసి ఇంకొకటి గీస్తరు. ఈమెకు చూసి చెప్పుడు రాకపోతే కొలిచి చెప్తది, ముట్టుకుని చెప్తది. నేను పిలిపించింది వేరే మాటకు. ఆ రెండో కన్ను ఎప్పుడన్న చూపించిన్రా?"

అమ్మ తల దించుకుంది. "లేదు మేడం. చూపిస్తే యాడనన్న రాస్తరని."

సీటు పోతుందన్న భయంలో పడి, ఉన్న ఒక్క కన్ను గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తర్వాత వారమే చూపించాం. బాగానే ఉందన్నారు, ఏటా ఒకసారి చూపించుకోమన్నారు. కానీ ఆ నిమిషంలో ఆ సంగతి తెలియదు కదా. చెయ్యి దానంతటదే కుడి కంటి మీదికి పోయింది.

అమ్మ మాత్రం పలకల వైపు చూస్తోంది. "ఏం తప్పింది మేడం ఈమె?" అని అడిగింది.

మేడం తీగకు ఉన్న పెన్సిల్ చూపించి, పక్కనుంచి దాని మొనను ముట్టుకోవాలని చెప్పింది. అమ్మ చటుక్కున ముట్టుకుంది. ఇందులో ఏముందన్నట్టు నా వంక చూసింది. చూసి, ఏదో తట్టినట్టు ఆగి, కొంగుతో ఎడమ కన్ను గట్టిగా మూసుకుని మళ్లీ వేలు చాచింది. వేలు మొనకు తగలకుండా గాలిలో పోయింది. మళ్లీ చాచింది, మళ్లీ పోయింది. కొంగు తియ్యలేదు.

"ఇట్లనా నీకు?" అంది. "ఇన్నేండ్ల సంది ఇట్లనేనా?"

"ఇట్లనే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వే ఎవలకూ చెప్పొద్దన్నవ్ కదమ్మా."

అమ్మ ఒక్క కన్నుతో ఆ పెన్సిల్ వంకే చూస్తూ నిలబడింది. వేలు ఇంకా చాచే ఉంది. నేను పోయి ఆ వేలు పట్టుకుని, మెల్లగా తీసుకుపోయి పెన్సిల్ మొనకు తగిలించాను.

"ఫస్ట్ గిట్ల ముట్టుకోవాలె," అన్నాను.