యశోద ఏరికోరి చేరిన సందు

ఖమ్మంలో స్కానింగ్ సెంటర్ రిసెప్షన్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజే యశోద ఒట్టు పెట్టుకుంది, చచ్చినా సద్దులేని చోట ఉండకూడదని. మణుగూరు దాటి, బొగ్గుగనుల కాలనీలు దాటి, అడవిలోకి చాలా దూరం పోయాక వచ్చే చిన్న కోయగూడెం ఆమెది. పొద్దుగూకితే కోళ్ళతో పాటు మనుషులూ ముడుచుకు పడుకునే ఊరు. భద్రాచలంలో బీకాం చదివిన మూడేళ్ళూ హాస్టలు గోడల మధ్యే అయిపోయాయి. ఇప్పుడు చేతిలో డిగ్రీ ఉంది, మెడలో తాళి లేదు, నెత్తిమీద వార్డెన్ లేదు. సందడంటే ఏమిటో ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాననుకుంది.

గది వెతకడంలో పెళ్ళిసంబంధం చూసినంత హంగామా చేసింది. బైపాస్ అవతల కాలనీలో గాలీ వెలుతురూ ఉన్న చక్కటి గది దొరికింది. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరగడం లేదని వద్దంది. ఆడపిల్లల హాస్టల్లో చీకటి పడగానే గేటు వేస్తారట, అదీ వద్దంది. చివరికి వైరా రోడ్డు వెనక ఒక సందులో మేడమీద గది చూపించారు. కింద బజ్జీల బండి, పక్కన టైలరు, ఎదురుగా సెల్‌ఫోన్ల దుకాణం, దానిపైన బ్యూటీపార్లరు, మూలమీద డీజే సామాను కిరాయికిచ్చే షాపు! యశోద గది చూడనేలేదు. కిటికీలోంచి సందును చూసి అక్కడికక్కడే సరేనంది. ఫ్యాను నత్తనడక నడుస్తుందని చేరాక గానీ తెలియలేదు.

ఇంటావిడ సరళ తాళంచెవి చేతికిస్తూ, "ఏ ఊరమ్మా మీది? మాది తాతల కాలం నుంచి ఖమ్మమే," అంది.

"మణుగూరు కాలనీ ఆంటీ," అంది యశోద తడుముకోకుండా.

కాలనీ అంటే క్వార్టర్లు, పార్కు, గనిలో జీతం తీసుకునే నాన్న గుర్తుకొస్తారు. గూడెం అంటే ఏం గుర్తుకొస్తుందో ఆమెకు హాస్టల్లోనే తెలిసొచ్చింది. మీ ఇంట్లో కరెంటుంటుందా, మీరు చెట్లమీద పడుకుంటారా అని అడిగిన ఆడపిల్లలు తర్వాత స్నేహితులయ్యారు గానీ, ఆ ప్రశ్నల మంట మాత్రం ఆరలేదు. ఈ కొత్త సందులో ఎవరూ తనని అట్లా చూడకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే, దానికోసం ఎన్ని అబద్ధాలైనా ఆడటానికి సిద్ధపడింది.

సందడికి మాత్రం కొదవలేదు. డీజే షాపువాళ్ళు పొద్దున్నే స్పీకర్లు పరీక్ష చేస్తుంటే గోడకు వేలాడే అద్దం కూడా చిందులేసేది. అంత జాతరలోనూ యశోదను పేరుపెట్టి పిలిచే మనిషి ఒక్కడూ లేడు. బజ్జీల బండి హాతీరాంకు ఆమె "నాలుగు బజ్జీల మేడం", టైలరుకు "మేడమీద మేడం". అయినా సెంటర్లో కోతలు కోయడం మానలేదు. "మా సందుల నన్ను తెల్వనోళ్ళు లేరు," అని పవన్‌తో చెప్పేది. పవన్ స్కానింగ్ టెక్నీషియన్. అతనంటే యశోదకు కాస్త ఇష్టం. ఆ కాస్త ఎంతో పవన్‌కు తప్ప సెంటర్లో అందరికీ తెలుసు.

ఎండలు మండుతుండగా యశోద వాళ్ళమ్మ జంపక్క, పెద్దమ్మ ముత్తక్క దిగారు. ముత్తక్కకు కంటి ఆపరేషన్. మెట్లదగ్గరే సరళ ఎదురై, "ఎవరమ్మా వీళ్ళు?" అంది.

యశోద నాలుక ఆమెకన్నా ముందే పరిగెత్తింది. "మా వైపోళ్ళు ఆంటీ. కంటి ఆపరేషన్‌కు వచ్చిన్రు."

జంపక్క చంకలో సంచితో కూతురివైపు ఒకసారి చూసింది. తర్వాత సరళకేసి తిరిగి, "అవ్ అమ్మా. ఈ పిల్ల పుణ్యాత్మురాలు, ఉండనీకి జాగా ఇచ్చింది," అంది. గదిలోకి వెళ్ళాక ఆ మాటే ఎత్తలేదు. చీపురు వెతుక్కుని గదంతా ఊడ్చింది. అమ్మ ఏమీ అనకపోవడం చూసి యశోద హమ్మయ్య అనుకుంది. అట్లా అనుకున్నందుకు ఆ తర్వాత తనను తానే ఎన్నోసార్లు తిట్టుకుంది.

ముగ్గురూ కోయలో మాట్లాడుకునేటప్పుడు బయటికి వినపడకుండా యశోద కిటికీ మూసేది. ఆ ఎండల్లో, ఆ ఫ్యాను కింద, మూసిన కిటికీ వెనక ముగ్గురూ ఉడికిపోయేవారు. ఉక్కపోతలో మర్యాద కాపాడుకోవడం ఎంత కష్టమో యశోదకు అప్పుడే తెలిసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ముత్తక్కకు నల్లకళ్ళద్దాలు పెట్టి, మళ్ళీ చూసేదాకా ఖమ్మంలోనే ఉండమన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే గూడెంలో విత్తనాల పండగ పడింది. మగవాళ్ళు విల్లంబులతో అడవికి పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు పట్టి, వచ్చిన బండినల్లా ఆపి, ఏ ఊరో అడిగి, పండగ పైసలు పుచ్చుకుని గానీ వదలరు. ఆఫీసరు జీపయినా బొగ్గులారీ అయినా ఒకటే లెక్క. ఇచ్చేవాళ్ళూ నవ్వుతారు, పుచ్చుకునేవాళ్ళూ నవ్వుతారు. ఊరినుంచి ఫోన్ వస్తే వెనకనుంచి డోలు వినపడింది. ముత్తక్క మూతి ముడుచుకుంది.

"నేను తాడు పట్టని పండగ లేదే," అంది. "కన్నిచ్చిండ్రు గాని పండగ గుంజుకున్నరు."

"ఎండ తగలొద్దన్నరు పెద్దమ్మా. బయటికి పోకుండ్రి," అని చెప్పి యశోద డ్యూటీకి వెళ్ళింది.

ఆ సాయంత్రం పవన్ ఆమెను బైకుమీద దింపడానికి వచ్చాడు. సందు మలుపు తిరగ్గానే బైకు ఆగిపోయింది. ముందు ఆటోలు, స్కూటర్లు, ఒక పాలవ్యాను. అవతల ఒకటే కేకలు, నవ్వులు.

"మీ సందుల రోజూ గింత జోరేనా?" అన్నాడు పవన్.

"రోజూ గింతే," అంది యశోద గర్వంగా. అని మెడ చాచి చూసింది.

సందుకు అడ్డంగా తాడు. ఆ తాడు ఆమె బట్టలారేసుకునేదే. తీయడం మరిచారేమో, ఆమె చున్నీ ఇంకా దానిమీదే వేలాడుతోంది. ఒక కొసన నల్లకళ్ళద్దాలతో ముత్తక్క. రెండో కొసన, నడుముకు కొంగు బిగించి, తాతల కాలం నుంచి ఖమ్మంలోనే ఉన్న సరళ! "పైసలియ్యకపోతే పోనియ్యం," అని ఆటోవాడిమీద లేస్తోంది. "చండ్రుగొండ దిక్కు మా తండాల హోళీకి మేం గూడ గిట్లనే ఆపుతం, తెలుసా!"

తాతల కాలం ఖమ్మం ఆవిడది తండానా అనుకుంది యశోద. ఇన్నాళ్ళూ తను అబద్ధం చెప్పింది ఇంకొక అబద్ధాలకోరుకన్నమాట.

మధ్యలో జంపక్క, కొంగు నిండా చిల్లరతో, ఒక్కొక్క బండి దగ్గరికీ వస్తోంది. పవన్ బైకు దగ్గరికొచ్చింది. కూతుర్ని చూసి ముఖం విప్పారింది. ముందున్న పవన్‌ను చూడగానే ఆ నవ్వును లోపలికి లాగేసుకుంది.

"ఏ ఊరు బిడ్డా మీది?" అని యశోదనే అడిగింది, అందర్నీ అడిగినట్టే.

"తెలిసినోళ్ళా?" అన్నాడు పవన్ వెనక్కి తిరిగి.

తెలియదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అనడానికి వీలుగానే అమ్మ అట్లా అడిగిందని యశోదకు అర్థమైంది. అర్థం కాగానే బైకు దిగింది.

"మా అమ్మ," అంది.

పవన్ ఏదో అనబోయాడు. ఈలోగా జంపక్కే గాభరాగా అడ్డొచ్చింది. "కాదు సారూ! పిల్ల ఆటకంటుంది. మాది అడవి, వాళ్ళది కాలనీ. మాకు రూమిచ్చింది, గంతే."

"అవ్ సారూ, ఆ పిల్లది మణుగూరు కాలనీ," అని సరళ తాడు వదలకుండానే సాక్ష్యం పలికింది.

"నాలుగు బజ్జీల మేడమా? వాళ్ళ నాయనది గనిల నౌకరి," అన్నాడు హాతీరాం, చూసొచ్చినట్టు.

ఇన్ని నెలలు కష్టపడి పెంచిన అబద్ధం ఏపుగా ఎదిగి సందు నిండా నిలబడింది. యశోద ఒకరి తర్వాత ఒకరికి చెప్పింది, ఒట్టేసింది, ఏ ఒక్కరూ నమ్మలేదు. అమ్మ తలవంచుకుని చిల్లర సర్దుకుంటోంది. యశోదకు ఏడుపొచ్చింది. సిగ్గూ లజ్జా అన్నీ వదిలేసి, నడిసందులో, గొంతు చించుకుని కోయలో అరిచింది. నన్ను కన్నది నువ్వు కాదా, నేను తప్పు చేశాను, నీ బిడ్డనని వీళ్ళకు చెప్పు అని బతిమాలింది. డీజే షాపువాళ్ళు కూడా పాట ఆపి చూశారు.

జంపక్క తలెత్తి కూతుర్ని చూసింది. చిల్లర కొంగున ముడేసి, పవన్‌వైపు తిరిగింది.

"అవ్ సారూ," అంది. "నా బిడ్డనే."