ఓబదయ్య గారి అమెరికా, కెజియా సాక్ష్యం

సౌదీలో, అల్ ఖోబర్‌లో మా శుక్రవారం కూడికకు కేకు తెచ్చే పని నాది. ప్రార్థనకు కేకేమిటని ఆశ్చర్యపోకండి. ఇక్కడ మేం బాహాటంగా ఆరాధన జరుపుకోలేం. ఒక ఫ్లాటులో ముప్ఫై మంది చేరామంటే ఎవరిదో పుట్టినరోజై ఉండాలి, పుట్టినరోజంటే కేకుండాలి, కేకు మీద పేరుండాలి. అలా మాలో కొందరికి ఏడాదికి మూడేసి పుట్టినరోజులు వచ్చాయి. కీర్తనలు లోగొంతుకతో పాడుకుంటాం, చప్పట్లు కొట్టం. తలుపు గంట మోగితే మాత్రం ఉన్నపళంగా పుట్టినరోజు పాట ఎత్తుకుంటాం. మా పిల్లలు గొంతెత్తి పాడగలిగే పాట అదొక్కటే.

ఆ శుక్రవారం కేకు మీద కెజియా పేరు రాయించాను. ఆమెకు అమెరికా వీసా వచ్చింది. ఇక్కడి ఆస్పత్రికి రాజీనామా ఇచ్చేసింది, ఈ దేశం వదిలి వెళ్లడానికిచ్చే ఫైనల్ ఎగ్జిట్ కాగితం చేతికొచ్చింది, తొమ్మిది రోజుల్లో ప్రయాణం. వెళ్లేముందు అందరి ఎదుటా నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాత ఓబదయ్య గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపుతారు. మాలో ఎవరు ఈ ఊరు వదిలినా అదే పద్ధతి.

కెజియాది పాలకొల్లు అవతల ఒక పల్లె. డయాలసిస్ నర్సుగా ఇక్కడ పదకొండేళ్లు చేసింది. వాళ్ల నాయనమ్మ కాన్పు కష్టమై చావుబతుకుల్లో ఉంటే, ఊళ్లో ఎవరూ ముట్టుకోని ఆ మనిషిని ఒక అమెరికా డాక్టరమ్మ తన చేతుల్తో బతికించిందట. అప్పటినుంచి వాళ్లింట్లో అమెరికా అంటే దేవుడి దేశం. అమెరికా వెళ్లడానికి రాసే నర్సింగ్ పరీక్ష రెండుసార్లు తప్పాక కెజియా మోకాళ్ల మీద పడి మొక్కుకుంది. నన్ను నీ దేశానికి తీసుకెళ్లు ప్రభువా, నువ్వే నీ దేశానికి తీసుకెళ్తున్నావని అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్తాను అని. మూడోసారి గట్టెక్కింది.

ఓబదయ్య గారి సంగతి కూడా చెప్పాలి. కాకినాడ మనిషి, ఒక వర్క్‌షాపులో ఫోర్‌మన్, ముప్ఫై ఏళ్లుగా మా కూడికకు పెద్ద. పిల్లల పాఠంలో ఏటా ఒక కథ చెబుతారు. భక్తులు ఓడెక్కి వెళ్లి, ప్రార్థన చేసి, క్రీస్తు మీద పునాది వేసి అమెరికాను కట్టారని, అందుకే ఆ దేశం వర్ధిల్లిందని. కెజియా తండ్రి పోయినప్పటి నుంచీ ఆమెను కూతురిలా చూసుకున్నది ఆయనే. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది.

చిక్కంతా కెజియా నోటివల్లే వచ్చింది. వీసా వచ్చిన సంబరంలో, మెషీన్ మీద ఉన్న ఖాలిదా అనే పేషెంటుతో, మా దేవుడి దేశానికి వెళ్తున్నానని అనేసింది. ఈ దేశంలో, డ్యూటీలో ఉండి, ఒక సౌదీ పెద్దావిడతో అనాల్సిన మాటేనా అది? ఖాలిదా ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పి రిటైరైన టీచరమ్మ. కోప్పడలేదు, నవ్వింది. రెండు రోజుల తర్వాత మళ్లీ డయాలసిస్‌కు వచ్చినప్పుడు సంచీలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. రెండు వందల ఏళ్ల పైమాటే, అమెరికా వాళ్లు ట్రిపోలీ ముస్లిం పాలకుడితో చేసుకున్న సంధి అది. తమ ప్రభుత్వాన్ని ఏ విధంగానూ క్రైస్తవ మతం మీద స్థాపించలేదని, ముస్లింలతో తమకు వైరం లేదని వాళ్లే రాసుకున్నారు.

"మీ వాళ్లు మా వాళ్లకు రాసిచ్చిన మాట ఇది. తీసుకెళ్లి చదువుకో తల్లీ," అందట ఖాలిదా ఇంగ్లీషులో.

ఆ రోజు నుంచి కెజియాకు కాలు ఒకచోట నిలవలేదు. డ్యూటీ దిగి సముద్రం ఒడ్డున కార్నిష్ మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది. సాక్ష్యం కాగితం రాసేది, చింపేది, మళ్లీ రాసేది. ఫోన్లో ఆ దేశపు రాజ్యాంగం వెతికి పట్టుకుని క్రీస్తు పేరు కోసం మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివర తేదీ దగ్గర ప్రభువు సంవత్సరమని ఉందంతే. పదవులకు మతం పరీక్ష పెట్టకూడదని మాత్రం స్పష్టంగా ఉంది. మా ఇంటికి వచ్చి కూర్చునేది, టీ చల్లారకముందే లేచిపోయేది.

"మొక్కుకున్న మాట చెప్పకపోతే దేవుడికి ద్రోహం వదినా. చెప్తే అబద్ధ సాక్ష్యం. నన్నేం చెయ్యమంటావ్?" అని మా ఆవిడను అడిగింది.

గురువారం సాయంత్రం మా ఇంట్లోనే కెజియా ఓబదయ్య గారికి ఖాలిదా ఇచ్చిన కాగితం చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, పక్కన పడేశారు.

"వాళ్ల డాలరు నోటు మీద దేవుడి పేరుంది కదే అమ్మాయ్?"

"అది మధ్యలో చేర్చింది బాబాయ్. దేశం పుట్టిన చాలా ఏళ్లకి."

"ఓడెక్కి వచ్చినోళ్లు భక్తులు కాదంటావా?"

"భక్తులే. కానీ తర్వాత ప్రభుత్వాన్ని కట్టినోళ్లు, అది ఏ మతానిదీ కాకూడదని రాసుకున్నారు."

"ఎవరో ముసలమ్మ ఇచ్చిన కాగితం పట్టుకొచ్చి నాకే పాఠం చెప్తున్నావా? రేపు సాక్ష్యం సాక్ష్యంలా చెప్పు. లేదంటే నా చెయ్యి నీ తల మీదకి రాదు."

నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఆ చెయ్యి కోసం ఆ పిల్ల ఎంత అల్లాడుతోందో తెలిసే అన్నారు ఆ మాట.

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటాక చేరాం. కెజియా లేచి నిలబడింది. సాక్ష్యం రాసుకున్న కాగితం చేతిలో ఉంది. "దేవుడు నా ప్రార్థన విన్నాడండి. నన్ను తన..." అంటూ ఆగిపోయింది. అప్పుడే గంట మోగింది.

ముప్ఫై గొంతులు పుట్టినరోజు పాట అందుకున్నాయి. నేను వెళ్లి తలుపు తీశాను. బిల్డింగ్ యజమాని. గేటుకు అడ్డంగా ఎవరిదో కారుందట. ఆయన చూపు కేకు మీద, నేల మీద వరసగా కూర్చున్న పిల్లల మీద, కెజియా చేతిలో కాగితం మీద నెమ్మదిగా తిరిగింది.

"మాషా అల్లా, ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఏ శుక్రవారమూ పుట్టినరోజు తప్పలేదు," అన్నాడు వచ్చీరాని హిందీలో. "కారు తీయండి చాలు. తలుపు వేసుకుని నిదానంగా కానివ్వండి."

ఆరేళ్లుగా ఆయనకు తెలుసన్నమాట. మాలో ఒకాయన వెళ్లి కారు తీసి వచ్చాడు. నాకైతే ఇన్నేళ్లు మోసుకొచ్చిన కేకులు తలుచుకుంటే సిగ్గేసింది.

"నా సాక్ష్యం ఇంకా అవ్వలేదండి," అంది కెజియా. కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. "దేవుడు నన్ను పరీక్షలో గట్టెక్కించాడు. అది నిజం. మా నాయనమ్మని బతికించిన డాక్టరమ్మ దేవుడి మనిషే. అదీ నిజమే. నన్ను ఆయన దేశానికి తీసుకెళ్తున్నాడని మాత్రం చెప్పలేను. అది ఆయన దేశమో కాదో నాకు తెలీదు. ఇందాక ఆ గుమ్మంలో నిలబడి మనల్ని వదిలేసిన మనిషిది ఏ దేశమో చూశాక అసలే తెలీడం లేదు. మొక్కుకున్నది తీరకుండా అలాగే ఉండిపోతుంది. క్షమించండి."

ఓబదయ్య గారు తలెత్తలేదు. చెయ్యీ ఎత్తలేదు. "కేకు కొయ్యండి," అన్నారంతే. కెజియా ముఖం పాలిపోయింది. ఎవరికీ కేకు సహించలేదు.

అందరూ సర్దుకుంటుంటే ఆమె వంటగదిలో కప్పులు కడుగుతోంది. కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది. నేను మిగిలిన కేకు డబ్బాలో పెడుతున్నాను. ఓబదయ్య గారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నన్ను చూసి కూడా ఆగలేదు.

"నేను ఆ దేశానికి రెండుసార్లు వీసాకి పెట్టాను అమ్మాయ్. రెండుసార్లూ పొమ్మన్నారు. ఇక్కడెవరికీ తెలీదు. చూడని దేశం గురించి ముప్ఫై ఏళ్లు పిల్లలకి చెప్పుకొచ్చాను."

కెజియా కుళాయి కట్టేసింది.

"నువ్వు వెళ్లి చూడు. వాళ్లనే అడుగు, వాళ్ల పుస్తకాలే చదువు. చూసింది చూసినట్టు నాకు ఫోన్ చెయ్యి. నేను చెప్పింది తప్పయితే మాత్రం కూడికలో ఎవరికీ చెప్పకు. ముందు నాకొక్కడికే చెప్పు. పిల్లలకి నేనే చెప్పుకుంటాను."

"అలాగే బాబాయ్," అంది. తడి చేతులతోనే తల వంచింది.

ఆయన చెయ్యి ఆమె తల మీదకి వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా గడగడా ప్రార్థన చేసే మనిషి, ఆ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయారు.