కొమ్ము కింద పుండు

ముందు గదిలో కోడలి బ్యూటీ పార్లర్, వెనక రేకుల కొట్టంలో అత్త మేకలు. మధ్య తలుపుకి కోడలు ఎప్పుడూ గడియ వేసే ఉంచేది. "మేం కావాలి గానీ మా మేకలు గిట్టవు" అని అత్త ఎదురింటామె దగ్గర మూతి తిప్పుకునేది.

ఒకసారి మేకపోతులు రెండు కుమ్ముకుని పెద్దదానికి కొమ్ము మొదట్లో చర్మం చీరుకుపోయింది. అత్త ఏదో మందు పూసి ఊరుకుంది. శుక్లాలొచ్చిన కళ్లకు అంతకంటే ఏమీ ఆనలేదు. కొన్నాళ్లకు పోతు మేత మానేసి తలను గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. దగ్గరికెళితే కుళ్లు వాసన.

కొడుకు లారీ మీద వెళ్లాడు. అత్త పశువుల డాక్టరుకు ఫోన్ చేసి స్పీకరు పెడితే, సాయంత్రానికి గాని రాలేనన్నాడు.

"ఈగలు గుడ్లు పెట్టుంటాయమ్మా. పురుగులు మాంసం తింటూ లోపలికి పోతాయి. టర్పెంటైన్ నూనెలో దూది ముంచి పుండులో పెట్టండి, కంట్లో పడనివ్వకండి. ఊపిరాడక అవే పైకొస్తాయి. తెగిపోకుండా ఒక్కొక్కటీ ఏరెయ్యండి."

ఏరడానికి కళ్లేవీ? అత్త అక్కడే చతికిలబడింది. అంతలో గడియ తీసిన చప్పుడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని కోడలు, చేతిలో కనుబొమలు తీర్చే చిన్న పట్టకారు.

"నువ్వా? బల్లిని చూస్తేనే మంచమెక్కుతావు కదే."

"తల గట్టిగా పట్టుకోండత్తయ్యా. నన్ను మాట్లాడించకండి, మాట్లాడితే వాంతొస్తుంది."

నూనె దూది పుండులో పెట్టి, కాసేపాగి తీయగానే తెల్లటి పురుగులు లుకలుకలాడుతూ పైకి తేలాయి. కోడలు ఒక్కొక్కటీ పట్టి కిరసనాయిలు డబ్బాలో వేసింది. ముఖం పాలిపోయింది, చెమటలు కారుతున్నాయి, వేళ్లు మాత్రం పట్టు తప్పలేదు. కళ్లు సరిగా ఆనకపోయినా అత్తకు ఆ వేళ్ల నిదానం తెలుస్తూనే ఉంది. అంత గింజుకునే పోతు కూడా వాటి కింద మెల్లగా నెమ్మదించింది.

పని కాగానే కోడలు గోడవారకు పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. తర్వాత చేతులు రుద్ది రుద్ది కడుక్కుని ముందు గదిలోకి వెళ్లింది. అక్కడ ఒక కనుబొమే తీర్చుకున్న మనిషి ఇంకా కుర్చీలోనే ఉంది.

"అమ్మాయ్, ఆ పట్టకారు కాదు కదా?" అని అడిగిందామె.

సాయంత్రం డాక్టరు పుండులో టార్చి వేసి చూసి, "ఇంక నాకేం మిగిల్చారు?" అని నవ్వాడు. లోపల ఏవైనా మిగిలుంటే చావడానికి ఇంజెక్షన్ చేసి, ఈగలు వాలకుండా పూసే మందు ఇచ్చాడు. గుంట పూడేదాకా రోజూ కడిగి మందు పెట్టింది కోడలే. పోతు మళ్లీ మేతకు ఎగబడింది.

ఇప్పుడు వీధిలో ఎవరి మేకకు పుండైనా ముందు ఆమె కోసమే వస్తారు. పురుగును చూస్తే ఇప్పటికీ ఆమె ముక్కుకు గుడ్డ బిగించుకుంటుంది. అయినా ముందుకే వంగుతుంది. పక్కన మేక తల పట్టుకుని అత్త, "మా పిల్లకి గాలి తగలనివ్వండి, కాస్త జరగండి" అని అందరినీ అదిలిస్తుంది.