మామ అమ్ముకున్న బండి

నిన్న బాన్సువాడ బస్టాండు దగ్గర పాత డీజిల్ పికప్ ఒకటి నల్లటి పొగ వదులుతూ కదిలింది. ఆ వాసనకే నాకు తల వంగిపోయింది. మన ఈడువాళ్లకు గుర్తుందా, ఎండకు కాలే ఆ రెగ్జిన్ సీటు, చేత్తో తిప్పితే దిగే అద్దం?

మాకూ అలాంటి బండే ఉండేది. పంట పోయి మా మేనమామ అమ్ముకుంటే మా బాపు కొన్నాడు. తమ్ముడి బండిలో దర్జాగా ఎట్ల కూసుంటనని అమ్మ ఎప్పుడూ వెనక బస్తాల మీదే కూర్చునేది. నేను మాత్రం కిటికీ పక్క సీటు వదిలేదాన్ని కాదు.

ఒకరోజు నస్రుల్లాబాద్ దగ్గర మామ యూరియా బస్తా పెట్టుకుని ఆటో కోసం నిలబడి ఉన్నాడు. బాపు ఆపగానే మామ బస్తా ఎత్తుకుని వెనక ఎక్కబోయాడు. బాపు గబుక్కున దిగి తాళంచెవి చాపాడు.

"నువ్వే నడుపు బామ్మర్దీ."

"వద్దు బావా. ఒక్కసారి స్టీరింగు పట్టిన్నంటే మల్ల ఇడ్వబుద్ధి గాదు."

మామ బస్తాతో వెనకే ఎక్కాడు, నేను కిటికీ పక్క సీటులోనే కూర్చుని బాన్సువాడ దాకా వచ్చాను. దిగాక మామ బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు.

"మంచిగనే సూస్కుంటున్నవ్ బావా," అన్నాడు.

బాపు ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. నేను ఇప్పటికీ చూడలేను.