సబ్బు నురగతో పాలు పొంగించిన ఇల్లు

దయ్యాలంటే నాకు నవ్వు. ఉద్యోగమంతా సర్కారు ప్రచార వ్యానులో సినిమాలు ఆడించడంతోనే సరిపోయింది. తెర మీద కదిలేది వెలుతురే కానీ మనిషి కాదని నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? శ్మశానం పక్కన వ్యాను ఆపుకుని హాయిగా నిద్రపోయినవాణ్ణి. ఇది చదివి ఎవరైనా నాకు మతి పోయిందంటే అననివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది కొడవలూరుకు తూర్పున, ఉప్పుగాలి తగిలే చిన్న పల్లె. అమ్మా నాన్నా పోయాక నేనూ మా అక్క రమణమ్మా ఒక రైతు గొడ్లచావిడి పక్కన గుడిసెలో ఉండేవాళ్ళం. అక్కని మొగుడు వదిలేశాడు. నాట్లకూ కోతలకూ పోయి నన్ను సాకింది ఆవిడే. ఆవిడకున్న ఆశ ఒక్కటే, సొంతంగా ఒక ఇల్లు. "ఎన్నాళ్ళురా అబ్బయ్యా ఈ పేడ వాసన" అనేది రోజూ.

యాభైల చివర్లో మా కూలివాళ్ళకి కాలనీ మంజూరైందన్నారు. పునాదులు తవ్వకముందే దాని మీద సినిమా తీయడానికి మద్రాసు నుంచి ఒక డైరెక్టరుగారు దిగారు. ఆయన పేరు రాయను. సర్కారు కోసం ప్రచార చిత్రాలు తీయడంలో ఆయన్ని మించినవాడు లేడని అప్పట్లో పేరు. నిజమే, బాగా తీసేవాడు. ఆ మాట నేనూ కాదనను. బీడు భూమిలో కెమెరా పెట్టి మాగాణి చూపించగల మనిషి.

ఇళ్ళు లేవు, సినిమాకేమో ఇల్లు కావాలి. మూడు గోడలు లేపించారు. ఇటుక మీద ఇటుక పేర్చి, మధ్యలో ఉత్త బురద మెత్తి, పైన సున్నం కొట్టారు. నాలుగో వైపు గోడ లేదు, అటునుంచి కెమెరా చూస్తుంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆ ఇటుకలు మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందులో చిటికెడు సిమెంటు లేదని నాకు బాగా తెలుసు.

గృహప్రవేశం షాటుకి మా అక్కని ఎంచుకున్నారు. కొత్త చీర కట్టించి, పొయ్యి ముందు కూర్చోబెట్టి పాలు పొంగించమన్నారు. తెరిచి ఉన్న వైపు నుంచి ఒకటే గాలి. మంట నిలవదు, పాలు కాగవు. పొద్దు వాలిపోతోంది. డైరెక్టరుగారికి చిర్రెత్తి, గడ్డం గీసుకునే సబ్బు నురగ తెప్పించి గిన్నెలో వేయించారు. నురగ అంచు దాటి కారింది. అక్క నవ్వింది. షాటు అయిపోయింది.

అందరూ సామాను సర్దుకుంటుంటే అక్క మాత్రం అక్కడే చాప పరిచింది. మా వైపు పాలు పొంగించిన ఇంట్లో మూడు నిద్రలు చేయాలి. చేయకపోతే ఆ ఇల్లు దక్కదని నమ్మకం.

"అది సబ్బు నురగక్కా" అన్నాను నవ్వుతూ.

"ఏదైతే ఏందిరా, పొంగింది పొంగిందే. గడపకి పసుపు రాసినాను, పొయ్యి ఎలిగిచ్చినాను. ఇప్పుడు లేచొస్తే ఈ ఇల్లు మనకి అచ్చిరాదు" అంది.

అక్క అక్కడే పడుకుంటానంటోందని వెళ్ళి డైరెక్టరుగారికి చెప్పాను. "ఉండనీవయ్యా. పొద్దున్నే ఇంకో షాటుంది, మళ్ళీ ముస్తాబు చేసే పని తప్పుతుంది" అన్నారు. అవతల యూనిట్ వాళ్ళకి చేపల పులుసు వడ్డిస్తున్నారు. నేనూ వెళ్ళి పంక్తిలో కూర్చున్నాను.

తెల్లవారుజామున వాన పడింది. పెద్ద వాన కూడా కాదు. బురద కరిగి గోడ అక్క మీద పడింది. నేను వెళ్ళేసరికి చేతికి వేయించిన కొత్త గాజులు మాత్రం పైకి కనబడుతున్నాయి.

కాగితాల్లో గాలివాన అని రాసుకున్నారు. కాలనీ రాలేదు. సినిమా మాత్రం వచ్చింది. రెండు నెలలకి డైరెక్టరుగారి సిఫారసుతో నాకు ప్రచార వ్యానులో ఉద్యోగమూ వచ్చింది. సిగ్గు లేకుండా చేరాను.

ఆ రీలునే ఊరూరా తిప్పాను. నాయుడుపేటలో జనం చప్పట్లు కొట్టారు. అక్క నవ్వుతుంది, నురగ పొంగుతుంది, "ఈ తల్లి కళ్ళలో వెలుగు చూడండి" అని వెనక నుంచి వ్యాఖ్యానం. ఆ తర్వాత పరుగెత్తే పిల్లలు. మొదట్లో చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. పోనుపోను బీడీ ముట్టించుకుంటూ చూడటం అలవాటైపోయింది. ఛీ, ఏం బతుకు!

తొమ్మిదేళ్ళు గడిచాయి. డైరెక్టరుగారు చనిపోయారు. ఆయన మహా కళాకారుడని కొందరు, అబద్ధాలకోరని కొందరు పత్రికల్లో కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ గొడవ మీదే డాక్యుమెంటరీ తీస్తానని మూర్తిగారనే ఆయన మద్రాసు నుంచి మా నెల్లూరు ఆఫీసుకి వచ్చారు. "రెండు వైపులా చూపిస్తాం" అన్నారు. నన్నూ మాట్లాడించాలన్నారు.

మా ఆఫీసరు నన్ను పక్కకి పిలిచారు. "మీ అక్క జొరమొచ్చి పోయిందని చెప్పు. ఆయనిప్పించిన ఉద్యోగం తింటా ఉండావు. పోయినోళ్ళ మీద బురద చల్లబాకు" అన్నారు. పెళ్ళాం పిల్లలు గలవాణ్ణి. సరేనన్నాను.

ముందు మా దగ్గరున్న రీలు చూస్తామన్నారు. మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీలకి నల్ల కంబళ్ళు కట్టాం. గదిలో మూర్తిగారు, ఆయన కెమెరామన్, మా ఆఫీసరు, ప్రొజెక్టరు దగ్గర నేను. ఆ పొద్దునే రీలు మొత్తం దుమ్ము తుడిచి, అతుకులు చూసి పెట్టింది నేనే.

అక్క షాటు వచ్చింది. నవ్వాల్సిన చోట నవ్వలేదు. గిన్నెలోకి చూసింది. నురగ లేదు. పొయ్యిలో మంట ఆరిపోయింది. అక్క చెంగుతో చేతులు తుడుచుకుని లేచింది. గోడ లేని వైపుగా, అంటే మా వైపుగా, నడిచి వచ్చి తెర అంచు దాటిపోయింది. మిగిలింది ఖాళీ పొయ్యి, మూడు గోడలు. వ్యాఖ్యానం మాత్రం ఎప్పటిలాగే కళ్ళలో వెలుగు చూడమంటోంది. అప్పుడు వెనక గోడ జారి పడింది. కింద ఎవరూ లేరు. ఆ తర్వాత మామూలుగా పిల్లలు పరుగెత్తుకొచ్చారు.

ప్రొజెక్టరు ఆపాను. నేనేమీ అడగకముందే మూర్తిగారు తనంతట తానే అడిగారు: "ఆవిడ లేచి వెళ్ళిపోయే షాటు మద్రాసు ప్రింటులో లేదే. ఇదేమన్నా వేరే ప్రింటా?"

"ఖాళీ ఫ్రేము అంతసేపు ఎందుకు వదిలారో" అని కెమెరామన్ గొణిగాడు. మా ఆఫీసరు చెమట తుడుచుకుంటూ ఉండిపోయారు.

వెనక్కి చుట్టి మళ్ళీ వేశాను. అక్క నవ్వింది. నురగ పొంగింది. ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టి, భూతద్దంతో బెత్తెడు బెత్తెడు చూశాను. ఎక్కడా అతుకు లేదు. ఆ షాటూ లేదు.

ఆ తర్వాత కెమెరా ముందు కూర్చోబెడితే జ్వరమనే మాట నా నోట రాలేదు. ఇటుకలు, బురద, సబ్బు నురగ, పొద్దున్నే ఇంకో షాటుందన్న మాట, అన్నీ చెప్పేశాను. "నాకు అన్నం పెట్టింది ఆయనే. ఆ అన్నం మా అక్క పిండాకూడని తెలిసే తిన్నాను" అన్నాను. ఏడ్చాను కూడా. మూర్తిగారు నా చెయ్యి పట్టుకుని "ఇది తప్పకుండా ఉంటుందండీ" అన్నారు.

కొన్ని నెలలకి డాక్యుమెంటరీ వచ్చింది. ఆడించే పని నాకే పడింది. మొదట ఎవరో పెద్దమనుషులు విమర్శించారు, ఇంకెవరో పొగిడారు. చివర్లో నా ముఖం. కళ్ళ నిండా నీళ్ళు. "నాకు అన్నం పెట్టింది ఆయనే" అన్నాను. అంతే. పక్కనే డైరెక్టరుగారి ఫోటో, దానికి పూలదండ. చూసినవాళ్ళు నా విశ్వాసానికి కళ్ళు తుడుచుకున్నారు. నా గొంతుతోనే నా గొంతు నొక్కేశారు, దొంగ సచ్చినోళ్ళు!

మూర్తిగారికి ఉత్తరం రాశాను. నిడివి చాలలేదని జవాబు. లేచి వెళ్ళిపోయిన షాటు గురించి అడిగితే, అలాంటిది తాను చూడలేదని, చీకట్లో నేనే పొరబడి ఉంటానని రాశారు. మా ఆఫీసరు ఆ మాట ఎత్తితే గదిలోంచి వెళ్ళిపోయేవారు. కెమెరామన్ చిరునామా నాకు దొరకలేదు.

ఆ రీలు పాడైపోయేదాకా వీలైనప్పుడల్లా ఒక్కణ్ణే వేసుకుని చూశాను. మళ్ళీ ఎప్పుడూ ఆవిడ లేవలేదు. ఆ మధ్యాహ్నం మేము చూసిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, తెలిసినట్టు నటించను. ఒక్కటి మాత్రం తెలుసు. చేపల పులుసు చల్లారినా ఫరవాలేదనుకుని, ఆ సాయంత్రం నేను ఆ పొయ్యి దాకా వెళ్ళి, "గోడల్లో సిమెంటు లేదు, లేచి రా అక్కా" అని చెయ్యి పట్టుకుని లాగి ఉంటే వచ్చేది. నా మాట ఎప్పుడూ కాదనలేదు ఆవిడ.